మామా పేరున తొక్కిన దారులు

ఇంగ్లాండులో బండ్లు పెద్దగా తిరగని పల్లె రోడ్లు ఎలా ఉంటాయో నన్నడగండి. చాలావాటి మీద నేను సైకిలు తొక్కాను. ఏ మలుపు దాటితే ఎత్తు వస్తుందో, ఏ రాతి వంతెన మీద ఎదురొచ్చే బండికి చోటు చాలదో, ఏ ఊరి టీ దుకాణం తలుపుకు నీలం రంగు వేశారో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఇంగ్లాండును మాత్రం చూడలేదు. కువైట్‌లో ఒక ఇంటి మేడమీద, ఇస్త్రీ బల్లకూ మంచినీళ్ళ డబ్బాలకూ మధ్య, కదలకుండా బిగించిన సైకిలు మీద కూర్చుని ఇదంతా తొక్కాను. అదీ నా పేరు మీద కాదు, మామా పేరు మీద.

మామా అంటే మేనమామ అనుకునేరు. కువైట్‌లో ఇంటిపని చేసే మేమంతా యజమానురాలిని అలాగే పిలుస్తాం. యజమాని బాబా. మా మామా నాకంటే మూడేళ్ళు చిన్నది. పిలుపుకు ఆమె తల్లి, నేను బిడ్డ. తలకు నూనె రాసేదీ, మంచం కింద చెప్పులు వెతికి ఇచ్చేదీ మాత్రం బిడ్డే.

ఆమెకు చక్కెర జబ్బు మొదలైంది. డాక్టరు ఒళ్ళు వంచమన్నాడు. ఆ ఇంట్లో ఒళ్ళు వంచే పని అప్పటిదాకా నా ఒక్కదానిదే కాబట్టి ఆ మాట మామాకు కొత్తగా వినిపించింది. బయట నడుద్దామంటే ఎండ, ఎండ లేని నాడు దుమ్ము. చివరికి ఆమె, ఆమె స్నేహితురాళ్ళు నలుగురు కలిసి ఒకే రకం సైకిళ్ళు తెప్పించుకుని ఎవరి ఇంట్లో వాళ్ళు బిగించుకున్నారు. ఎదురుగా గోడకు పెద్ద తెర. తెర మీద ఇంగ్లాండు పల్లె రోడ్లు, ఎవరో అక్కడ నిజంగా సైకిలు మీద పోతూ తీసినవి. మనం తొక్కితే రోడ్డు కదులుతుంది, ఆపితే ఆగుతుంది. తెరలో ఎత్తు వస్తే ఇక్కడ పెడలు బిగుసుకుంటుంది. అయిదుగురిలో ఎవరు తొక్కుతున్నా వాళ్ళ బొమ్మ రోడ్డు మీద కనిపిస్తుంది. మా మామా బొమ్మకు గులాబీ రంగు చొక్కా, వెనక ఊగే జడ, చేతిలో ఇమిడే నడుము. ఆ నడుము ఎవరిదో కంప్యూటరుకే తెలియాలి.

మొదటి రెండు రోజులు మామా తనే తొక్కింది. నేను పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. మూడో రోజు ఒక చిన్న ఎత్తు మధ్యలో ఉండగా ఆమెకు ఫోను వచ్చింది. దిగుతూ, "నువ్వెక్కు, బొమ్మ ఆగకూడదు" అంది. నేను నైటీ ఎత్తి కట్టి ఎక్కాను. ఆమె ముప్పావుగంట మాట్లాడింది. వచ్చి చూసేసరికి ఆమె బొమ్మ అయిదుగురిలోనూ ముందుంది. స్నేహితురాళ్ళ దగ్గర్నుంచి శభాష్‌లు వచ్చి పడుతున్నాయి. మామా నా వైపు చూసింది, ఫోను వైపు చూసింది. "రేపు కూడా ఇదే వేళకు" అంది.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ చెమట నాది, సోకు ఆమెది. నైటీ గొలుసులో పడుతోందని తన పాత ప్యాంటు ఒకటి ఇచ్చింది. గుండె వేగం కొలిచే పట్టీ కూడా నాకే కట్టింది. అప్పటినుంచి నా గుండె ఆమె పేరు మీద కొట్టుకోసాగింది. ఈ సంగతి ఎవరితోనైనా అంటే ఖలాస్, టికెట్టు కొని పంపించేస్తానని వేలు చూపించింది.

ఆ రోడ్ల గురించి కూడా చెప్పాలి. ప్రతి దారికీ మొదట్లో తెర మీద నాలుగు ముక్కలు రాసి ఉంటాయి. ప్రశాంతమైన దారి, రద్దీ లేదు, మధ్యలో టీ, కేకు దొరుకుతాయి అని. నేను ఇంటర్ తప్పినదాన్ని, ఆ మాత్రం ఇంగ్లీషు చదవగలను. ఆ ప్రశాంతం చూసి నాకు మొదట్లో భయం వేసింది. మాది రాయచోటి పక్క పల్లె. మా రోడ్డు మీద పట్టపగలు మనిషి కనిపించలేదంటే ఎవరింట్లోనో చావు జరిగినట్టు. ఇక్కడ పది కిలోమీటర్లు తొక్కినా ఒక పలకరింపు లేదు. ఎటు చూసినా పచ్చిక. గొర్రెలు మేపుకున్న ఇంట్లో పుట్టినదాన్ని, ఆ పచ్చిక చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. మా నాయన గుప్పెడు మేత కోసం మందను తోలుకుని మూడు మండలాలు తిరిగాడు. ఈ గొర్రెలు మోకాలి లోతు గడ్డిలో నిలబడి తినడానికి బద్ధకించి పడుకుంటున్నాయి. కాపలా ఒక్కడు లేడు, కుక్క లేదు. దొంగలు కూడా ప్రశాంతంగా ఉన్నట్టున్నారు.

ఇన్నీ తిట్టుకుంటూ ఎందుకు తొక్కానంటే శుక్రవారం కోసం.

మా అక్క కూడా కువైట్‌లోనే ఉంది. నాకంటే రెండేళ్ళు ముందు వచ్చి, వాళ్ళ మామా చేత అడిగించి నన్ను ఈ ఇంటికి రప్పించింది. వాళ్ళ మామా మా మామా స్నేహితురాలు. రెండిళ్ళకూ మధ్య కారులో పావుగంట. నేను దిగిన రోజు వాళ్ళ గేటు దగ్గర అక్కను పది నిమిషాలు చూశాను. మళ్ళీ చూడలేదు. నాలుగేళ్ళు. ఈలోగా ఊళ్ళో అమ్మ పోయింది. ఇద్దరిలో ఒక్కరినీ పంపలేదు. అక్క వాళ్ళ వంటింట్లో, నేను మా స్నానాల గదిలో, ఫోను చెవికి పెట్టుకుని ఏడ్చాం. ఫోనులో ఏడిస్తే గొంతు వినిపిస్తుందే తప్ప ఒకరినొకరు పట్టుకోవడం ఉండదు. అది నాకు లోపల అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అక్క ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ముగిసి ఎండాకాలం చివర్లో పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతోంది. నా ఒప్పందం ఇంకా రెండేళ్ళు. ఈలోపు ఒక్కసారి అక్క పక్కన కూర్చుని అమ్మ కోసం ఏడవాలని నా కోరిక.

వారానికో సెలవు చట్టంలోనే ఉందని మా డ్రైవరన్న చెప్పేవాడు. ఆయనది రాయచోటే. చట్టం ఎక్కడో మిర్కాబ్ వైపు ఆఫీసుల్లో ఉంటుంది, నేను ఇంట్లో ఉంటాను. ఇద్దరం ఎప్పుడూ ఎదురుపడలేదు. అందుకే మామానే అడిగాను. ఆమె తెర మీద లెక్కలు చూసి, "వారానికి నూటయాభై కిలోమీటర్లు చెయ్యి, శుక్రవారం మధ్యాహ్నం నీది" అంది.

చేశాను. మొదటి శుక్రవారం చుట్టాలొచ్చారు. రెండో శుక్రవారం పిల్లవాడి పుట్టినరోజు. మూడో శుక్రవారం దుమ్ము లేచింది, ఈ దుమ్ములో ఎక్కడికి, ఊపిరితిత్తులు పాడవుతాయి అని నా మీద జాలిపడి సోఫా గలీబులు ఉతికించింది. నాలుగో వారం నూట తొంభై తొక్కాను. మామా చెడ్డ మనిషి కాదు. తన కోసం తెప్పించుకున్న కునాఫా మిఠాయిలో సగం నాకు పెట్టేది. చక్కెర జబ్బుకు అదే పథ్యం అనుకునేదేమో. మూడు నెలలకు డాక్టరు ఆమె ఫోనులో లెక్కలు చూసి గుండె ఇరవై ఏళ్ళ పిల్లదిలా ఉందన్నాడట. రక్తం చూసి తల పట్టుకున్నాడట. ఇంత తొక్కే మనిషికి చక్కెర ఎలా పెరుగుతోందో ఆయన చదువులో ఎక్కడా లేదు. ఇక్కడ నా ప్యాంటుకు నాడా గుచ్చాల్సి వచ్చింది.

ఒకరోజు ఫోనులో అక్క మోకాళ్ళ నొప్పులంది. నాకూ నొప్పులే అన్నాను. మెట్లెక్కి దిగడం ఎక్కువైందని ఇద్దరం అబద్ధమాడుకున్నాం. తర్వాత మాటల్లో మాటగా అక్క నోరుజారింది.

"ఇంగ్లాండులో గొర్రెలకు తుంటి మీద నీలం రంగు పూస్తారు మే. మన నాయన జాజు పూసేవాడు సూడు, అట్లనే. మంద కలిసిపోకుండా."

ఆ నీలం రంగు గొర్రెలను నేను ఆ ఉదయమే చూశాను. ఒక ఇనుప గేటు పక్కన పదకొండు ఉన్నాయి.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

ఊళ్ళో వానలు పడినాయా అని అక్క మాట మార్చబోయింది.

"ఇనుప గేటు కాడ, పదకొండు. ఒకటి కుంటిది. అంతేనా?"

"అమ్మీ!" అంది అక్క. "గులాబీ చొక్కా దానివి నువ్వా? దినామూ నన్ను దాటుకొని పోతాండేది నువ్వేనా? మా మామా నన్ను ఎంత తిట్టిందనుకుంటాండావ్ నీ వల్ల!"

ఆకుపచ్చ చొక్కా మా అక్క. నాలుగు నెలలుగా చూడాలని నేను ఏ మనిషి కోసమైతే తొక్కుతున్నానో, ఆ మనిషిని రోజూ ఎత్తు మీద వెనక్కి నెట్టి పోతున్నాను. ఇద్దరం నవ్వి నవ్వి ఫోను పెట్టేశాం. పెట్టేశాక నాకు చాలాసేపు కోపం ఆగలేదు.

మిగతా ముగ్గురి సంగతి డ్రైవరన్న తెచ్చాడు. పెడలు అరిగి కీచుమంటుంటే షువైఖ్‌లో బాగుచేసే షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ అలాంటి సైకిళ్ళే మరో మూడిళ్ళ నుంచి వచ్చి ఉన్నాయట. తెచ్చిన డ్రైవర్లందరూ టీ తాగుతూ ఒకే కథ చెప్పుకున్నారట. "అయిదుగురు మామాల్లో ఒక్క మామా కూడా తొక్కడంల్యా చెల్లెమ్మా," అన్నాడు. "ఇద్దరు మీ అక్కాచెల్లెళ్ళు, ఒకామె శ్రీలంక, ఒకామె ఫిలిప్పీన్స్, ఇంకొకామె ఇథియోపియా. ఇంగ్లాండు రోడ్ల మీద ఒక్క ఇంగ్లీషామె గూడా ల్యా!" ఒక్కో మామా మాత్రం మిగతా నలుగురూ నిజంగానే తొక్కుతున్నారని నమ్మి కుళ్ళుకుంటోంది.

అలా కుళ్ళుకునీ కుళ్ళుకునీ ఎవరూ తగ్గలేక, ఎండాకాలం ఇంగ్లాండు వెళ్ళి ఆ దారుల మీదే నిజంగా తొక్కుదామని నిర్ణయించుకున్నారు. టికెట్లు వచ్చిన రోజు మామా మేడమీదికి వచ్చి తలుపేసింది. "ఇకనుంచి శువయ్య శువయ్య," అంది, మెల్లమెల్లగా అని. తన బొమ్మ రోజురోజుకూ కాస్త నీరసించాలట. నడుము నొప్పి వచ్చిన మనిషిలా తొక్కాలట. వారానికి ముప్పై కిలోమీటర్లు చాలట.

"మరి నా శుక్రవారం?"

"నూటయాభై చేస్తేనే కదా శుక్రవారం," అంది మామా. మాట తప్పే మనిషి కాదు.

బాగా తొక్కితే ఆమె పరువు పోతుంది, తొక్కకపోతే నా శుక్రవారం పోతుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. అయిదుగురు మామాలూ విమానమెక్కారు. అక్క వాళ్ళ మామా తిరిగొచ్చిన మర్నాడే అక్క ప్రయాణం. అయిదు వారాలు మిగిలాయి.

ఇంగ్లాండులో మొదటి రోజు మొదటి ఎత్తు మీదే అయిదుగురూ దిగిపోయారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒకరికి చక్రం సరిగా లేదు, ఒకరికి గాలి ఎదురు, మా మామాకు సీటు గట్టిది. రెండో రోజు నుంచి సైకిళ్ళు గోడకు ఆనించి నీలం తలుపు టీ దుకాణంలో కూర్చోవడమే. కానీ కువైట్‌లో చుట్టాలందరూ ఆ లెక్కలు చూస్తుంటారు. రోజూ తొక్కుతున్నట్టు కనిపించాలి. అందుకని మామా రహస్యంగా ఫోను చేసి, "తెల్లారి అయిదింటికి, ఇక్కడి అయిదింటికి తొక్కు. అందరూ నిద్రలో ఉండగా నేను ఒక్కదాన్నే లేచి తొక్కాననుకుంటారు" అంది. తక్కిన నలుగురు మామాలూ ఎవరింటికి వాళ్ళు ఇదే చెప్పారు. తెలివి కూడా అయిదుగురూ ఒకే దుకాణంలో కొన్నట్టున్నారు.

ఇంగ్లాండులో అయిదంటే మాకు ఏడు. ఏడింటికి పిల్లలు లేస్తారు, పాలు, గుడ్లు, బాబాకు ఖహ్వా కాఫీ, పక్కలు, బట్టలు, ఆపైన మధ్యాహ్నం వంట. ఇంటి పని ఎప్పుడు మొదలై ఎప్పుడు తెములుతుందో మామాలకు ఎలా తెలుస్తుంది? వాళ్ళెప్పుడూ చేస్తే కదా. అయిదిళ్ళలోనూ పని తెమిలేది అస్రు నమాజు అయ్యాక, సాయంత్రం టీ గిన్నెలు కడిగాక. ఆ వేళకే నేను ఎక్కాను. ఆ వేళకే అక్క ఎక్కింది. మిగతా ముగ్గురూ ఎక్కారు. అక్కడ అప్పుడు మామాల టీ వేళ.

ఫోను స్పీకరులో పెట్టి నేనూ అక్కా కబుర్లాడుకుంటూ పక్కపక్కనే తొక్కుతున్నాం. వెనక ముగ్గురు. అయిదు రంగుల చొక్కాలు వరసగా కొండెక్కుతున్నాయి. ఇంతలో మామా ఫోను. టీ దుకాణం మరుగుదొడ్లో నుంచి చేస్తోంది, గొంతు అణిచిపెట్టి.

"దిగు! ఇప్పుడే దిగు! నేను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను, కొండ కూడా ఎక్కుతున్నాను! దుకాణం ఆమెకు చూపిద్దామని ఒకతి ఫోను తెరిచింది!"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్ళు ఆగబోయాయి. ఆపలేదు. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో నా చేతికి దొరికింది ఏదైనా ఉంటే అది ఆ నిమిషమే.

"మామా, శుక్రవారం," అన్నాను.

"ఏం శుక్రవారం?"

"మా అక్క దగ్గరికి. రేపే. ప్రతి వారం."

"దిగిన తర్వాత మాట్లాడదాం!"

"ఎత్తు మామా, మధ్యలో దిగితే పడిపోతాను," అని ఇంకొంచెం గట్టిగా తొక్కాను. గులాబీ చొక్కా ముందుకు దూకింది. అవతల మామాకు బయట నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి కాబోలు, ఊపిరి బిగబట్టింది.

"వెళ్ళు! వెళ్ళు! యల్లా, డ్రైవరుతో నేను చెబుతాను, దిగవే!"

డ్రైవరుకు చెప్పేదాకా తొక్కాను. అన్న కింద నుంచి, "చెల్లెమ్మా, రేపు పోతాండామంట!" అని కేకేశాక దిగాను. అటు అక్క వాళ్ళ మామా సైకిళ్ళ వెనక నక్కి ఫోను చేసిందట. "మా చెల్లెలు వస్తే ఇంట్లోకి రానిస్తారా" అని అడిగి, ఊ అన్నాకే అక్క కాలు కింద పెట్టింది. ఒక్కొక్కటిగా అయిదు బొమ్మలూ ఆగిపోయాయి. బల్ల చుట్టూ అయిదుగురు మామాలూ తేలు కుట్టిన దొంగల్లా, ఫోన్లు బోర్లా పెట్టి, వాన గురించి మాట్లాడుకున్నారట. ఆ మాట తర్వాత ఎన్నడూ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు శుక్రవారం. అక్క వాళ్ళింట్లో ఆ రోజు నమాజు తర్వాత బంధువులందరూ భోజనానికి వస్తారు. మామా ఊళ్ళో లేకపోయినా ఆ ఆచారం ఆగదు. నేను వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల నెరిసిన జుట్టు ముడేసుకున్న ఒకామె వంగి నేల తుడుస్తోంది. ఎవరో కొత్తామె అనుకుని, "మా అక్క ఉందా?" అని అడిగాను.

ఆమె తలెత్తింది. "నేనే మే," అంది.

పట్టుకుందామనుకుంటే ఆమె చేతులకు సబ్బు. ఇరవై ఆరు మంది తిన్న కంచాలు, మాంసం అన్నం వండిన పెద్ద డేకిసాలు రెండు, అన్నీ అక్క ఒక్కదాని కోసం కాచుకుని ఉన్నాయి. నాకిచ్చింది గంట. కూర్చుంటే అవి మిగిలిపోతాయి, అవి తోమితే గంట అయిపోతుంది. నేను చేతులు పైకి మడిచి పెద్ద డేకిసాలో దిగాను. అక్క కొళాయి తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడులో, "కడసారి నిన్నే అడిగింది మే," అని అక్క మొదలుపెట్టింది. అమ్మ చివరి రోజుల గురించి ఊరి నుంచి తెలిసినవన్నీ ఫోనులో చెప్పలేక దాచుకుంది. ఒక్కొక్కటే చెప్పింది. నేను తోముతూ ఏడ్చాను. ఆమె కడుగుతూ ఏడ్చింది. ఇద్దరి భుజాలూ తగులుతూనే ఉన్నాయి.

నేను వెళ్ళేముందు ఆ ఇంటి బాబా తల్లి కర్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. బోర్లించిన డేకిసాలను చూసి, వేలితో రాసి చూసి, ఎంతో సంతోషపడి, "మంచి చెల్లెలు. వచ్చే శుక్రవారం కూడా రానీ" అంది.

వెళ్ళాను. అక్క విమానమెక్కేదాకా అయిదు శుక్రవారాలు వెళ్ళాను. నా సెలవు రోజున జీతం లేకుండా ఇంకొకరి ఇంట్లో వెట్టిచాకిరీ చేశానని డ్రైవరన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ. మా అమ్మకు మేమిద్దరం దినం పెట్టుకున్నది ఆ అంట్ల దగ్గరే.